ఓడ డ్రాయింగు నుంచి పరిశోధన ప్రశ్న వరకు

ఈ పాఠం గురించి

ఇంజనీరు రోజూ చేసే డిజైను పని ఒకటి. డిజైను మీద డాక్టరేట్ కోసం చేసే పరిశోధన మరొకటి. ఈ రెండింటికీ తేడా ఎక్కడ ఉందో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణగా కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ ఓడల కర్మాగారాన్ని తీసుకుంటున్నాం. మధ్యలో రెండు మూడు లెక్కలు వస్తాయి. అవి గుణకారం, భాగహారం, ఒక వర్గమూలం దాటవు. పక్కన నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకొని చదవండి.

గార్డెన్ రీచ్

ఉత్తరాంధ్రలోని రైల్వే కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడే వరకు వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వేలో ఉండేది. ఆ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉంది.

అదే ప్రాంతంలో హుగ్లీ నది ఒడ్డున ఓడలు కట్టే కర్మాగారం ఉంది. నదిలో స్టీమర్లు నడిపే ఒక కంపెనీ తన పడవల మరమ్మతు కోసం 1884లో పెట్టుకున్న వర్క్‌షాపుతో అది మొదలైంది. 1960లో భారత ప్రభుత్వం దానిని తీసుకుంది. 1977లో దానికి గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజనీర్స్ అనే పేరు వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి యుద్ధనౌక 'అజయ్'. దానిని 1961లో నౌకాదళానికి అందించినది ఈ కర్మాగారమే. 2019 మార్చిలో తన నూరవ యుద్ధనౌకను అప్పగించింది. మన దేశంలో ఆ సంఖ్యకు మొదట చేరిన కర్మాగారం ఇదే.

ఈ కర్మాగారం అందించిన ఓడలు కొన్ని మన తీరానికి వచ్చి నౌకాదళంలో చేరాయి. 2014లో కమోర్తా, 2017లో కిల్తాన్, 2024లో సంధాయక్, 2025లో అర్నాలా, హిమగిరి, అన్నీ విశాఖపట్నంలోనే విధులలో చేరాయి.

నదికి ఎదురు ఒడ్డున శిబ్‌పూర్‌లో 1856 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అది ఇప్పుడు జాతీయ స్థాయి సంస్థ. రైలెక్కి పడమరకు వెళితే తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ వస్తుంది. అక్కడి ఐ.ఐ.టి. 1951లో మొదలైంది. మరుసటి సంవత్సరం నుంచే అక్కడ నౌకా నిర్మాణ శాస్త్రం బోధిస్తున్నారు. ఓడ కట్టే చోటు, ఓడ శాస్త్రం చదివే చోటు ఇక్కడ దగ్గరగా ఉన్నాయి.

డిజైను అంటే బొమ్మ గీయడమేనా?

కాదు. డ్రాయింగు చివర వచ్చేది. దానికి ముందు ఎన్నో కోరికల మధ్య రాజీ కుదర్చాలి.

హుగ్లీ నదినే చూడండి. గార్డెన్ రీచ్ నుంచి సముద్రం చేరాలంటే ఓడ సుమారు 200 కిలోమీటర్లు నదిలో ప్రయాణించాలి. నదిలో ఇసుక మేటలు ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు లోతు పెరుగుతుంది, ఆటు సమయంలో తగ్గుతుంది. హిమగిరి పొడవు సుమారు 149 మీటర్లు. అంత పెద్ద ఓడ ఎంత లోతు మునగాలి, ఎప్పుడు కదలాలి అన్నవి నదిని అడగకుండా తేలే విషయాలు కావు.

అర్నాలా సంగతి వేరు. తీరం దగ్గర లోతు తక్కువ నీటిలో జలాంతర్గాములను వెతకడం దాని పని. ఓడ లోతుగా మునగకూడదు. అటువంటప్పుడు అడుగున పెద్ద ప్రొపెల్లరుకు చోటు దొరకదు. అందుకని నీటిని లోపలికి పీల్చి వెనక్కి వేగంగా చిమ్మే వాటర్‌జెట్లను అమర్చారు. డీజిల్ ఇంజను, వాటర్‌జెట్ల కలయికతో నడిచే భారత నౌకాదళపు ఓడలలో అప్పటికి ఇదే పెద్దది. పొడవు సుమారు 77 మీటర్లు. దీనిని డిజైను చేసినది కూడా గార్డెన్ రీచ్ కర్మాగారమే.

ఇప్పుడు బరువు విషయం. గడ్డిబండి మీరు చూసే ఉంటారు. గడ్డి ఎంత ఎత్తుకు పేరిస్తే మలుపులో బండి అంతగా ఒరుగుతుంది. ఓడ కూడా అంతే. బరువు పైకి పోయినకొద్దీ ఓడ గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, స్థిరత్వం తగ్గుతుంది. ఎంత జరుగుతుందో లెక్క కట్టడం తేలిక. కదిపిన బరువును, కదిపిన ఎత్తుతో గుణించి, ఓడ మొత్తం బరువుతో భాగించాలి.

3,000 టన్నుల ఓడ ఉందనుకోండి. 10 టన్నుల యంత్రాన్ని కింది అంతస్తు నుంచి 6 మీటర్లు పైకి మార్చారు. 10ని 6తో గుణిస్తే 60. దానిని 3,000తో భాగిస్తే 0.02 మీటరు, అంటే 2 సెంటీమీటర్లు. 'అంతేనా!' అనిపించవచ్చు. కానీ ఓడ నిలకడను కొలిచే ఎత్తు మొత్తం ఒక మీటరు అనుకుంటే, ఇటువంటి పది మార్పులు అందులో ఐదో వంతు తినేస్తాయి.

బరువు తగ్గిస్తే ఇంజను చిన్నది చాలు. ఇంజను చిన్నదైతే ఇంధనం తక్కువ. ఇంధనం తగ్గితే బరువు మళ్ళీ మారుతుంది. ఇలా ఒక లెక్క ఇంకో లెక్కను మారుస్తూ తిరిగి మొదటికే వస్తుంది. ప్రతి చుట్టులో కొంచెం కొంచెం సరిచేస్తూ మధ్యకు చేరాలి. అమెరికాలో జె. హార్వే ఎవాన్స్ 1959లో దీనిని నత్తగుల్ల చుట్టు వంటి బొమ్మగా చూపాడు. ఓడ డిజైను చదివేవారు ఈనాటికీ ఆ సర్పిలంతోనే మొదలుపెడతారు.

పని ఎక్కడ ఆగుతుంది? పరిశోధన ఎక్కడ మొదలవుతుంది?

కమోర్తా తరగతిలో నాలుగు ఓడలు ఉన్నాయి: కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి. నాలుగూ గార్డెన్ రీచ్‌లో కట్టినవే. ఒక్కొక్కటి సుమారు 109 మీటర్ల పొడవు. మొదటి రెండింటికి డెక్కు పైన లేచే గదుల కట్టడం ఉక్కుతో చేశారు. దీనినే సూపర్‌స్ట్రక్చర్ అంటారు. తరువాతి రెండింటికి కార్బన్ పోగులతో చేసిన మిశ్రమ పదార్థం వాడారు. ఆ కట్టడాలను స్వీడన్‌కు చెందిన కోకమ్స్ కంపెనీ తయారుచేసింది. మన దేశపు పెద్ద యుద్ధనౌకలలో ఇటువంటి కట్టడం ఉన్నది కిల్తాన్‌తోనే మొదలు. పైన బరువు తగ్గింది, నిలకడ పెరిగింది.

ఈ ఒక్క విషయాన్ని ఇద్దరు ఎలా చూస్తారో గమనించండి.

కర్మాగారంలోని ఇంజనీరు ప్రశ్న ఇది: 'ఈ మిశ్రమ కట్టడాన్ని ఈ ఉక్కు డెక్కుకు ఎలా అతకాలి? ఏ తేదీ లోపల?' ఉక్కును ఉక్కుకు వెల్డింగు చేయవచ్చు. కార్బన్ మిశ్రమాన్ని ఉక్కుకు వెల్డింగు చేయలేము. కాబట్టి ఆ అతుకు దగ్గర జాగ్రత్త కావాలి. అతుకు నిలిచి, పరీక్షలలో నెగ్గి, ఓడ సముద్రంలోకి వెళితే ఆయన పని విజయవంతమైనట్లే.

పరిశోధకుడి ప్రశ్న అక్కడితో ఆగదు. 'అతుకు ఎందుకు నిలిచింది? అలలు లక్షలసార్లు కొట్టిన తరువాత ఏ చోట ముందు బలహీనపడుతుంది? ఇంకో ఓడకు, ఇంకో మందానికి ఇదే పద్ధతి పనికివస్తుందా? పనికిరాదని తేలే పరిస్థితి ఏది?' ఓడ విజయవంతమైంది కాబట్టి పద్ధతి మంచిదని ఆయన అనలేడు. అదృష్టం వల్ల కూడా ఓడ నిలిచి ఉండవచ్చు.

డాక్టరేట్‌కు అడిగేది ఇదే: ఒక్క వస్తువుకు మాత్రమే కాక, దాని వంటి మరికొన్నింటికి కూడా వర్తించే కొత్త తెలివిడి, అది నిజమని ఇతరులు సరిచూసుకోగల ఆధారం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రెండు ఓడలకు ఉక్కు కట్టడం, రెండింటికి కార్బన్ కట్టడం. పోల్చడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది అనిపిస్తుంది కదా? తొందరపడకండి. మొదటి ఓడకూ చివరి ఓడకూ మధ్య ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళలో ఓడలోని పరికరాలు మారి ఉండవచ్చు, పనివారి అనుభవం పెరిగి ఉంటుంది. కనిపించిన తేడా కార్బన్ వల్లనా, వీటి వల్లనా అని విడదీయగలిగితేనే అది పరిశోధన అవుతుంది.

మూడు రకాల ప్రశ్నలు

పైన చెప్పిన అతుకు ప్రశ్న వస్తువు గురించినది. డిజైను పరిశోధనలో ఎక్కువమంది ఇటువంటిదే ఎంచుకుంటారు.

రెండో రకం, డిజైనుకు వాడే సాధనం గురించినది. ఇంగ్లాండులో విలియమ్ ఫ్రూడ్ 1870 తరువాతి సంవత్సరాలలో చేసిన పని దీనికి పాత ఉదాహరణ. చిన్న నమూనా ఓడను నీటితొట్టిలో లాగి, ఎదురయ్యే నిరోధం కొలిచి, దాని నుంచి పెద్ద ఓడకు కావలసిన శక్తిని అంచనా వేసే పద్ధతిని ఆయన స్థిరపరిచాడు. ఓడ లేపే అలలు నమూనాలోనూ అదే తీరుగా లేవాలంటే నమూనాను తగిన వేగంతో లాగాలి. నమూనా ఎన్నో వంతు చిన్నదో, ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, ఓడ వేగాన్ని దానితో భాగించాలి.

మీరే చేసి చూడండి. 100 మీటర్ల ఓడకు 4 మీటర్ల నమూనా చేశారు. ఓడ వేగం 25 నాట్లు. నమూనాను ఎంత వేగంతో లాగాలి? నమూనా 25వ వంతు. 25కు వర్గమూలం 5. కాబట్టి 5 నాట్లు. ఈ సూత్రం ఒక ఓడకు పుట్టినది కాదు, ఏ ఓడకైనా పనిచేస్తుంది. విశాఖపట్నంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో నమూనాలను లాగడానికి 500 మీటర్ల పొడవైన నీటితొట్టి ఉంది. అక్కడా పరీక్షలకు ఆధారం ఇదే సూత్రం.

మూడో రకం నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా తోస్తుంది. ఇది డిజైను చేసే మనుషుల పనితీరు గురించినది. ఓడలో జనరేటరు మార్చారనుకోండి. కొత్తది బరువెక్కువ. కింద పునాది మార్చాలి. వేడి ఎక్కువ, కాబట్టి గాలి గొట్టం పెద్దది కావాలి. గొట్టం పెద్దదైతే కేబుళ్ళు పక్కకు జరగాలి. కేబుళ్ళ దారిలో ఎవరి గదో ఉంటుంది. జనరేటరు మార్చినవారికి ఆ గది సంగతి గుర్తే రాదు. ఒక మార్పు ఎంత దూరం పాకుతుందో ముందే చెప్పగలమా?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు క్లార్క్‌సన్, సైమన్స్, ఎకర్ట్ 2004లో ప్రచురించిన పనిలో ఈ ప్రశ్ననే తీసుకున్నారు. వారు చూసింది ఓడలు కాదు, వెస్ట్‌లాండ్ కంపెనీ హెలికాప్టర్లు. భాగాల పేర్లు అడ్డంగా, నిలువుగా రాసి ఒక పట్టిక వేశారు. ఒక భాగం మారితే మరొకటి మారే అవకాశం ఎంత, మారితే ఎంత పని తిరిగి చేయాలి అని ఇంజనీర్లను అడిగి గళ్ళు నింపారు. ఇటువంటి పట్టికను అంతకుముందు 1981లో డొనాల్డ్ స్టీవార్డ్ డిజైను పనుల వరుసను తేల్చడానికి ప్రతిపాదించాడు.

పట్టిక ఏం చూపుతుందో ఒక చిన్న లెక్కలో చూద్దాం. జనరేటరు మారితే గాలి గొట్టం మారే అవకాశం పదింట ఐదు. గాలి గొట్టం మారితే కేబుళ్ళు మారే అవకాశం పదింట నాలుగు. జనరేటరుకూ కేబుళ్ళ దారికీ నేరుగా సంబంధం లేదు. అయినా 0.5ను 0.4తో గుణిస్తే 0.2. అంటే ఐదింట ఒకసారి జనరేటరు మార్పు కేబుళ్ళను కదుపుతుంది. అనుభవజ్ఞుడైన ఫోర్‌మన్‌కు ఇది మనసులో తెలిసే ఉంటుంది. ఆయన రిటైరైతే ఆ తెలివిడి ఆయనతోనే పోతుంది. కాగితం మీద ఉంటే మిగులుతుంది, తప్పుంటే దిద్దుకోవచ్చు.

ప్రశ్నను చిన్నది చేయడం

'మంచి ఓడను ఎలా డిజైను చేయాలి?' అని రాసుకొని వచ్చే విద్యార్థిని ఏ మార్గదర్శకుడైనా వెనక్కి పంపుతాడు. అది ఒక జీవితానికి చాలని ప్రశ్న. 'గస్తీ ఓడలలో డిజైను మార్పులు ఎందుకు ఎక్కువ?' కొంచెం నయం. 'ఉక్కు కోయడం మొదలైన తరువాత వచ్చే మార్పులలో, ముందు వేసిన పట్టిక ఎన్నింటిని పట్టుకోగలిగింది?' ఇది మూడు నాలుగేళ్ళలో తేలే ప్రశ్న. దీనికి జవాబు 'ఏమీ పట్టుకోలేదు' అని వచ్చినా నష్టం లేదు. ఎందుకు పట్టుకోలేదో చూపిస్తే అదీ సిద్ధాంత గ్రంథమే అవుతుంది.

యుద్ధనౌకల విషయంలో ఒక అడ్డంకి ఉంది. సిద్ధాంత గ్రంథం అందరూ చదవడానికి రాసేది. యుద్ధనౌక డ్రాయింగు ఎవరికీ చూపకూడనిది. ఉద్యోగంలో చూసిన సమాచారాన్ని గ్రంథంలో పెట్టడం కుదరదు. ఇందుకు పరిశోధకులు ఒక దారి కనిపెట్టారు. కొన్ని ఓడల ఆకారాలను అందరికీ బహిరంగంగా ఇచ్చారు. అమెరికా నౌకాదళం కోసం 1980 ప్రాంతంలో గీసిన డి.టి.ఎం.బి. 5415 అనే ఆకారం అటువంటిది. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు తమ పద్ధతులను ముందు దాని మీద పరీక్షించుకుంటాయి. కొలతలు అందరికీ ఒకటే కాబట్టి ఒకరి ఫలితాన్ని ఇంకొకరు సరిచూడవచ్చు. కర్మాగారంలో పనిచేస్తూ పరిశోధన చేయాలనుకునేవారు ఏ సమాచారం వాడవచ్చో యాజమాన్యం నుంచి చేరడానికి ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. మూడో ఏడాదిలో తెలిస్తే మూడేళ్ళూ పోతాయి.

దారి, కాలం, ఖర్చు

ఓడలు డిజైను చేయడానికి డాక్టరేట్ అక్కరలేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఓడలు కట్టాలన్నదే మీ కోరిక అయితే డిప్లొమా, బి.టెక్. చాలు. 'ఎందుకు' అన్న ప్రశ్న మిమ్మల్ని వదలకపోతేనే పరిశోధన వైపు చూడండి. అది మీ వయసులో, మీ కుటుంబంలో కొన్ని సంవత్సరాలను అడుగుతుంది.

సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి పాసైనవారు, గణితం ఒక విషయంగా చదివి ఉంటే, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. డిప్లొమా తరువాత ఇసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలోకి నేరుగా ప్రవేశం దొరుకుతుంది. పూర్వం కర్మాగారాలలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షలు రాసి ఇంజనీర్లైనవారు చాలామంది ఉన్నారు. అయితే 2013 మే 31 లోపల చేరినవారికే దానిని డిగ్రీతో సమానంగా గుర్తించారు. ఇప్పుడు ఆ దారిని నమ్ముకోకండి.

బి.టెక్. తరువాత గేట్ పరీక్ష ఉంటుంది. 2022 నుంచి అందులో నౌకా నిర్మాణం, మెరైన్ ఇంజనీరింగ్‌కు విడిగా పేపరు ఉంది. ఎం.టెక్. చేసి పిహెచ్.డి.లో చేరడం మామూలు పద్ధతి. నాలుగేళ్ళ డిగ్రీలో మంచి మార్కులు ఉంటే నేరుగా చేరే వీలు కూడా విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2022 నిబంధనలలో ఉంది. ఆ నిబంధనల ప్రకారం కనీస కాలం మూడేళ్ళు, మామూలు గరిష్ఠ కాలం ఆరేళ్ళు. స్త్రీలకు, వికలాంగులకు అదనపు కాలం ఇస్తారు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైముగా చేయాలంటే యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. ఐ.ఐ.టి.లకు తమ సొంత నియమాలు ఉంటాయి.

డబ్బు విషయం దాచకూడదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత సీనియర్ ఫెలోగా 42,000. ఇది ఎంపికైనవారికే. పార్ట్‌టైము వారికి సాధారణంగా ఏమీ రాదు, పైగా ఫీజు కట్టాలి. ఇంటిని పోషించేవారు ఈ లెక్కను కూడా ఓడ బరువు లెక్కంత జాగ్రత్తగా వేసుకోవాలి.

అభ్యాసం

కింది మూడు ప్రశ్నలలో ఏది డాక్టరేట్ పరిశోధనకు పనికివస్తుంది? ముందు మీ జవాబు రాసి, తరువాత చదవండి.

అ) 77 మీటర్ల ఓడకు వాటర్‌జెట్ ధర ఎంత?
ఆ) భారతదేశం ప్రపంచంలో ఉత్తమ ఓడలు ఎలా కట్టగలదు?
ఇ) ఓడను విడివిడి బ్లాకులుగా కట్టి చివర కలిపినప్పుడు, ఆలస్యంగా వచ్చిన డ్రాయింగు మార్పులు ఏ బ్లాకుల మీద ఎక్కువ భారం వేస్తాయి? ఎందుకు?

సరిచూసుకోండి. మొదటిదానికి టెండరు పిలిస్తే జవాబు వస్తుంది, పరిశోధన అవసరం లేదు. రెండోది ఉపన్యాసానికి బాగుంటుంది. మూడోది పనికివస్తుంది. కానీ అందులో ఇంకా ఒక లోపం మిగిలి ఉంది. 'భారం' అంటే ఏమిటి? అదనంగా పట్టిన రోజులా, పనివారి గంటలా, విప్పి మళ్ళీ వెల్డింగు చేసిన అతుకుల పొడవా? వీటిలో ఒకదాన్ని ఎంచుకొని, ప్రశ్నను మీ మాటలలో మళ్ళీ రాయండి. ఆ కొలతను కర్మాగారంలో ఎవరిని అడిగి, ఏ రిజిస్టరు చూసి తెచ్చుకుంటారో కింద రెండు వాక్యాలలో రాయండి.